డ్రమ్ స్టిక్స్ జత కుదిరిందో లేదో చూసుకుని ఎంచుకోవడం ఎలా?

డ్రమ్స్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఏ డ్రమ్ సెట్ కొనాలా అని నెలల తరబడి ఆలోచిస్తారు. స్టిక్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతికందిన జత తీసేసుకుంటారు. నేనూ అలాగే చేశాను. స్నేర్ (అడుగున తీగలుండే చిన్న డ్రమ్) మీద సింగిల్ స్ట్రోక్ రోల్, అంటే కుడి ఎడమ చేతులతో ఒక్కో దెబ్బ మార్చి మార్చి కొట్టడం, ఎన్ని రోజులు సాధన చేసినా కుడి దెబ్బ ఒకలా, ఎడమ దెబ్బ మొద్దుగా ఇంకోలా వినిపించేవి. ఎడమ చెయ్యి బలహీనంగా ఉందనుకుని రోజూ దానికి అదనంగా అరగంట సాధన పెట్టుకున్నాను. ఒకరోజు స్టిక్స్ చేతులు మార్చి వాయించాను. ఆ మొద్దు చప్పుడు కుడి చేతికి వచ్చేసింది! ఇన్నాళ్లూ లోపం చేతిలో లేదు, కర్రలో ఉంది. అప్పటినుంచి చూసుకోకుండా ఒక్క జత కూడా తీసుకోలేదు. ఎలా చూడాలో వరుసగా చెబుతాను.

1. ముందు సైజు తేల్చుకోండి

స్టిక్ మీద 7ఎ, 5ఎ, 5బి, 2బి అని ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ కర్ర సన్నబడుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. అక్షరాలు పాతకాలంలో వాడకాన్ని బట్టి పెట్టినవి: ఎ అంటే ఆర్కెస్ట్రాకి, బి అంటే బ్యాండ్‌కి, ఎస్ అంటే వీధి ఊరేగింపులకి. ఇప్పుడు ఆ హద్దులు ఎవరూ పాటించడం లేదు కానీ బి రకం ఎ కంటే లావుగా ఉంటుందన్నది అలాగే ఉంది.

5ఎ సుమారు 16 అంగుళాల పొడవు, 14.4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 7ఎ మందం 13.7 దగ్గర, 5బి 15.1 దగ్గర, 2బి 16 దగ్గర ఉంటాయి. కంపెనీని బట్టి ఇవి కొద్దిగా మారతాయి. పెద్దవాళ్లు ఎవరైనా 5ఎతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. సన్నగా ఉంటే తేలిక కదా అని చాలామంది 7ఎ వైపు వెళ్తారు. కర్రకి బరువు లేకపోతే శబ్దం కోసం మనమే బలం పెట్టాలి. అప్పుడు పట్టు బిగుస్తుంది, మణికట్టు నొప్పి పెడుతుంది. చిన్న పిల్లల చేతులకి మాత్రం 7ఎ సరిపోతుంది.

2. చెక్క చూడండి

హికరీ, మేపుల్, ఓక్ అని ముఖ్యంగా మూడు రకాలు. హికరీ దెబ్బ అదురును బాగా తట్టుకుంటుంది, అందుకే ఎక్కువమంది చేతుల్లో ఉండేది అదే. మేపుల్ తేలిక. మెల్లగా వాయించే చోట్ల హాయిగా ఉంటుంది కానీ గట్టిగా కొట్టేవాళ్ల దగ్గర త్వరగా విరుగుతుంది. ఓక్ బరువు, ఎక్కువ కాలం మన్నుతుంది. మొదటి జతకి హికరీ తీసుకోండి.

3. మొనను, మెడను పరిశీలించండి

మొన చిన్నగా, గుండ్రంగా ఉంటే సింబల్ (పళ్లెంలాంటి లోహపు తాళం) మీద ప్రతి దెబ్బా విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తుంది. పెద్దదిగా ఉంటే శబ్దం నిండుగా, కాస్త పరుచుకున్నట్టు వస్తుంది. చెక్క మొనకి బదులు నైలాన్ తొడుగు ఉన్నవీ దొరుకుతాయి. జో కలాటో అనే డ్రమ్మర్ 1958లో దీన్ని తీసుకొచ్చాడు. చెక్క మొనలు సింబల్ మీద చితికి పెచ్చులూడిపోతుండటమే దానికి కారణం. నైలాన్ మొనతో సింబల్ శబ్దం మెరుస్తున్నట్టు ఉంటుంది. అందరికీ అది నచ్చకపోవచ్చు. నేను రైడ్ సింబల్ (లయ కోసం ఆగకుండా వాయించే పెద్ద సింబల్) మీద చెక్క మొననే ఇష్టపడతాను.

మొన కింద సన్నబడే భాగమే మెడ. అది పొడుగ్గా సాగితే కర్ర ముందుభాగం తేలికై చేతికి వేగం వస్తుంది. పొట్టిగా ఉంటే బరువు ముందుకి చేరి దెబ్బ గట్టిగా పడుతుంది.

4. ఇప్పుడు అసలు పరీక్ష: జత కుదిరిందా?

కర్ర చెట్టు నుంచి వచ్చింది. ఒకే దుంగ నుంచి కోసినా ఒక ముక్క సాంద్రత ఇంకో ముక్కకి ఉండదు. రెండూ ఒకే సైజులో ఉన్నాయి కాబట్టి జతే అనుకోకూడదు. బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో టింపనీ (పెద్ద గిన్నెల్లాంటి డ్రమ్స్) వాయించిన విక్ ఫర్త్ తనకి నచ్చిన స్టిక్స్ దొరక్క 1963లో సొంతంగా చేయించడం మొదలుపెట్టాడు. ఆయన పేరుతో ఉన్న కంపెనీ బరువు, శ్రుతి రెండూ చూసి జత కడుతుంది. ఆ పని మనమూ చేసుకోవచ్చు.

మొదట చదునైన బల్ల మీద ఒక్కో కర్రనీ దొర్లించండి. మొన వైపే చూస్తూ ఉండండి. అది ఊగుతూ, పైకీ కిందకీ లేస్తూ దొర్లితే కర్ర వంగిందన్నమాట. వద్దు.

తర్వాత గీతలు చూడండి. చెక్క గీతలు వెనక చివర నుంచి మొన దాకా నిట్టనిలువుగా సాగాలి. మెడ దగ్గర గీత పక్కకి జారిపోతే ఏదో ఒకరోజు అక్కడే విరుగుతుంది.

చిన్న డిజిటల్ తూకం ఉంటే రెండింటినీ తూచండి. హికరీ 5ఎ కర్ర 50 గ్రాములకి కాస్త అటూ ఇటూగా తూగుతుంది. నేను ఒక గ్రాము తేడా దాకా సర్దుకుంటాను. రెండు గ్రాములు దాటితే పక్కన పెట్టేస్తాను.

ఇక చివరిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: చెవితో చూడటం. కర్రని వెనక చివర నుంచి సుమారు మూడున్నర అంగుళాల దగ్గర బొటనవేలు, చూపుడువేలు మధ్య వదులుగా పట్టుకుని వేలాడనివ్వండి. కర్ర మోగేటప్పుడు ఆ చోట కంపనం చాలా తక్కువ, అందుకే అక్కడ పట్టుకున్నా నాదం ఆగదు. మధ్యలో పట్టుకుంటే మాత్రం టప్‌మని చచ్చిపోతుంది. ఇప్పుడు ఈ జతలో లేని ఇంకో కర్రతో దాని నడుము మీద మెల్లగా తట్టండి. టంగ్‌మని ఒక స్వరం పలుకుతుంది. వెంటనే రెండోదాన్ని అదే చోట పట్టుకుని, అదే బలంతో, అదే కర్రతో తట్టండి. రెండు స్వరాలూ ఒకటేనా? ఒకటి పైన, ఒకటి కింద పలికితే డ్రమ్ మీద కూడా ఆ తేడా వినిపిస్తుంది. ముఖ్యంగా సింబల్ మీద, స్నేర్ అంచు మీద దాచలేం. మొదటిసారికే తేడా పట్టుకోలేకపోతే కళ్లు మూసుకుని వినండి. దుకాణంలో ఐదారు జతలు ముందు పెట్టుకుని విప్పి చూడనిస్తారేమో అడగండి. వేర్వేరు జతల్లోంచి కుదిరిన రెండు కర్రలు తీసుకోనిస్తే ఇంకా మంచిది.

5. చేతిలో ఎక్కడ పట్టుకోవాలో వెతకండి

కొత్త జత తెచ్చాక ప్రాక్టీస్ ప్యాడ్ (సాధనకి వాడే రబ్బరు పలక) మీద ఈ పని చేయండి. వెనక నుంచి మూడో వంతు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, మొనను ప్యాడ్ మీద వదిలేయండి. ఎన్నిసార్లు ఎగిరి పడిందో లెక్కపెట్టండి. అర అంగుళం ముందుకి, మళ్లీ వెనక్కి జరిపి చూడండి. ఎక్కడ ఎక్కువసార్లు ఎగిరితే మీ పట్టు అక్కడ. కర్ర మారితే ఈ చోటు కూడా మారుతుంది, కాబట్టి పాత అలవాటుతో పట్టుకోవద్దు.

6. కర్ర పనికిరాని చోట

మెల్లటి పాటకి స్నేర్ మీద తీగల బ్రష్‌లు వాడతారు. కర్రంత గట్టిగా, బ్రష్ అంత మెత్తగా కాకుండా మధ్యస్థంగా కావాలంటే సన్న పుల్లలు కట్టగా కట్టిన రాడ్స్ ఉన్నాయి. సింబల్‌ని సముద్రపు అలలా పెంచుకుంటూ పోవాలంటే నూలు చుట్టిన మేలెట్‌లు (గుండు తల ఉన్న కర్రలు) తీసుకుని ఎదురెదురు అంచుల మీద వాయించండి. టింపనీకి ఫెల్ట్ తలలు, చెక్క పలకల వాయిద్యం మరింబాకి నూలు చుట్టినవి, అలాంటిదే అయిన జైలోఫోన్‌కి గట్టి రబ్బరు లేదా ప్లాస్టిక్‌వి.

ఒక్క మాట మాత్రం దయచేసి మర్చిపోకండి. గ్లాకెన్‌స్పీల్ (లోహపు పలకల వాయిద్యం) కోసం చేసిన ఇత్తడి మేలెట్‌తో మరింబా చెక్క పలకల మీద ఎప్పుడూ కొట్టొద్దు. ఒక్క దెబ్బకే సొట్ట పడుతుంది, కొంతకాలానికి శ్రుతి కూడా చెడుతుంది.

7. జాగ్రత్త, మార్పు

ఎండలో నిలిపిన కారులో, తేమ పట్టే మూలల్లో స్టిక్స్ వదిలేస్తే వంగుతాయి. సింబల్ అంచుకి కర్రని అడ్డంగా కొట్టకుండా కాస్త పక్కకి జారేలా కొడితే కర్రా, సింబల్ రెండూ బతుకుతాయి. మెడ దగ్గర పేళ్లు లేస్తే సన్న గరుకు కాగితంతో రుద్దేయండి. మొన పెచ్చు ఊడితే మాత్రం ఆ కర్ర వాడొద్దు, పదునుదేలిన అంచు డ్రమ్ పైపొరని, అంటే డ్రమ్ హెడ్‌ని కోసేస్తుంది.

ఒకటి విరిగితే రెండోది పారేయకండి. నేను దాని వెనక చివర పెన్సిల్‌తో బరువు రాసి ఒక సంచిలో వేస్తాను. ఏడెనిమిది పోగయ్యాక అన్నీ బల్ల మీద పరిచి, బరువులు కలిసినవి పక్కపక్కన పెట్టి, మళ్లీ ఒక్కోటీ తట్టి వింటాను. చాలాసార్లు అందులోంచే ఒక జత దొరుకుతుంది.