పంటి పాఠం – 4: నువ్వు గింజ, మూరెడు దారం

మొన్న ఆదివారం పరకాల దగ్గర మా అత్తగారింట్లో సకినాలు చేశారు. నేలమీద పాత తెల్ల పంచె పరిచి చుట్టూ ఐదుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. తడి బియ్యప్పిండి, నువ్వులు, వాము. నేనూ ఒక ముద్ద తీసుకున్నాను. మూడో చుట్టు దగ్గర తెగింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ తెగింది. మా అత్తమ్మ చూసి, "చెయ్యి గట్ల ఊపకు బిడ్డా, వేళ్లే తిరగాలె" అంది. నిజమే, ఆమె మణికట్టు కదలడమే లేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రం పిండిని మెలితిప్పుకుంటూ పోతున్నాయి. పొద్దంతా నోళ్లలో పనిచేసే చేతులు నావి. అయినా పిండి దగ్గర ఓడిపోయాయి.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఇవాళ్టి పాఠం కూడా అచ్చం వేళ్ల పనే. పళ్ల సందులను దారంతో శుభ్రం చేయడం. సకినం చుట్టే చేతికి, బతుకమ్మకు గునుగు పూలు కట్టలు కట్టే చేతికి ఇది వారంలో పట్టుబడుతుంది. మగవాళ్లకు ఇంకో నాలుగు రోజులు పట్టొచ్చు. మా క్లినిక్‌లో చూసిందే చెప్తున్నాను, గొడవకు రాకండి.

ఇప్పటికి మూడు పాఠాలయ్యాయి. అద్దం ముందు నిలబడి పళ్లు లెక్కపెట్టుకున్నారు. పేస్టు ఎంత పెట్టుకోవాలో చూశారు. బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, చిన్నచిన్నగా కదుపుతూ తోమడం నేర్చుకున్నారు. అదంతా బాగా చేస్తున్నా ఒక లెక్క మిగిలిపోయింది. పన్నుకు ఐదు ముఖాలు ఉంటాయి. బుగ్గ వైపు ఒకటి, నాలుక వైపు ఒకటి, నమిలేది ఒకటి, అటు పక్క పన్నును తాకేది, ఇటు పక్క పన్నును తాకేది. బ్రష్ మొదటి మూడింటికే పోతుంది. ఎంత ఖరీదైన బ్రష్ అయినా అంతే, అరగంట తోమినా అంతే. హనుమకొండ చౌరస్తాలో గోడకు గోడ ఆనించి కట్టిన షాపులను గుర్తు తెచ్చుకోండి. ముందు ఊడ్వొచ్చు, వెనక ఊడ్వొచ్చు. రెండు గోడల నడుమ పడ్డది మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

సంక్రాంతి తర్వాతి వారం మా క్లినిక్‌కు రెండు రకాల వాళ్లు ఎక్కువగా వస్తారు. సకినం కొరికి పన్ను అంచు విరగ్గొట్టుకున్నవాళ్లు, సందులో నువ్వు గింజ ఇరికించుకున్నవాళ్లు. మొదటివాళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. పెద్ద సిమెంటు ఉన్న పన్ను, రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకోని పన్ను ఉంటే ఆ వైపు సకినం పెట్టొద్దు. చాయ్‌లో ముంచుకుని తినండి, మన ఇళ్లలో ముసలివాళ్లు తినేది అట్లాగే కదా. విరిగితే ఆ ముక్కను పారేయకుండా తెచ్చివ్వండి. నొప్పి మాత్రను పొడి చేసి చిగురు మీద పెట్టకండి, చర్మం కాలి తెల్లగా పొరలు లేస్తుంది. మాత్ర మింగడానికే. ఇంకోటి, భోగి నుంచి కనుమ దాకా మూడు రోజులూ మా క్లినిక్ ఉండదు. ఊగే క్యాపులు, సగంలో ఆపిన రూట్ కెనాళ్లు ఉన్నవాళ్లు పండుగకు ముందే వచ్చి చూపించుకోండి.

ఇక నువ్వు గింజ. పోయిన ఏడాది ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన ఒక రైతు, బస్తాలు కాంటా అయ్యేలోపు చూపించుకుని పోదామని మా దగ్గరికి వచ్చాడు. కుడివైపు కింద దవడ పళ్ల నడుమ చిగురు ఉబ్బి ఎర్రగా ఉంది. "నువ్వు ఇరికింది డాక్టరమ్మా, నాలుగు రోజుల సంది తీస్తున్న, వస్తలేదు" అన్నాడు. దేనితో తీస్తున్నావంటే చొక్కా జేబులోంచి పిన్నీసు తీసి చూపించాడు. మొన కొంచెం వంగి ఉంది. నేను దారం వేసి చూశాను. నువ్వు గింజ లేదు. దారం పైకి వచ్చేటప్పుడు పోగులు పోగులుగా చీలి వచ్చింది. ఎక్స్‌రే తీస్తే, ఎదురెదురుగా ఉన్న రెండు పళ్లూ ఆ సందులోనే పుచ్చిపోయి ఉన్నాయి. పైనుంచి చూస్తే రెండూ నిక్షేపంగా కనపడుతున్నాయి. అతను నాలుగు రోజులుగా గుచ్చుతున్నది తన చిగురును.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తిన్నది ఎప్పుడో ఒకసారి ఎక్కడో ఇరుక్కోవడం మామూలే. రోజూ అదే సందులో, మాంసం పీచైనా తోటకూరైనా అక్కడే ఇరుక్కుంటుంటే ఆ సందు వదులైందనో, పన్ను పుచ్చిందనో, పాత సిమెంటు అంచు విరిగిందనో అర్థం. దానికి దారం మందు కాదు, డాక్టరే చూడాలి.

పిన్నీసు, చీపురు పుల్ల, అగ్గిపుల్ల, మడిచిన బస్సు టికెట్. ఇవన్నీ నేను విన్నవే, కల్పించినవి కావు. మా తాత మొలతాడుకు ముల్లు తీసే చిమటా, చెవి పుల్ల, పంటి పుల్ల ఒక గుత్తిగా వేలాడేవి. ఇత్తడివి. చిన్నప్పుడు నాకది గొప్ప ఆభరణంలా కనపడేది. వీటన్నిటికీ ఒకటే లోపం. గట్టి మొన కనపడే ముక్కను తోసేస్తుంది, పన్ను పక్క ముఖం మీద అంటుకున్న పాచిని తుడవదు. మనకు కావాల్సింది తుడిచేది.

మెడికల్ షాపులో "డెంటల్ ఫ్లాస్" అని అడగండి. చిన్న డబ్బాలో చుట్ట చుట్టి ఉంటుంది. మైనం పూసినదైతే కొత్తవాళ్లకు సులువుగా జారుతుంది. కుట్టు మిషన్ దారం వాడొద్దు. అది గుండ్రంగా పేనిన దారం, చిగురును కోస్తుంది. ఫ్లాస్ సన్నటి పోగుల కట్ట కాబట్టి పన్నుకు ఆనగానే పరుచుకుంటుంది. చిగుళ్లు కిందికి జారి సందులు తెరుచుకున్నవాళ్లకు, అంటే పళ్ల నడుమ చిగురు దగ్గర నల్లటి ముక్కోణాలు కనపడేవాళ్లకు, దారంకన్నా సందుల బ్రష్ మేలు. సీసాలు కడిగే బ్రష్ అగ్గిపుల్లంత అయితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. సైజులు ఉంటాయి. సందులోకి నెట్టకుండానే పోవాలి, పోయాక కొంచెం బిగుతుగా ఉండాలి. తీగ పన్నుకు గీరుకుంటే అది మీ సైజు కాదు. ఒకే నోట్లో రెండు సైజులు పట్టడం కూడా మామూలే. నీళ్లు చిమ్మే మిషన్లు కూడా వస్తున్నాయి. పళ్లకు తీగలు కట్టించుకున్న పిల్లలకు పనికొస్తాయి గానీ, అంటుకున్న పాచి పోవాలంటే ఏదో ఒకటి రుద్దాల్సిందే.

సరే, చేతులు సబ్బుతో కడుక్కుని రండి.

దారం మూరెడు తీసుకోండి. పూలు కొన్నట్టే, మోచేయి నుంచి మధ్యవేలి కొస దాకా. తక్కువ తీసుకుంటే సగం పళ్లకే అయిపోయి, మురికి దారాన్నే మళ్లీ మళ్లీ వాడతారు. ముప్పావు వంతు ఎడమచేతి మధ్యవేలికి చుట్టండి, కొస కుడిచేతి మధ్యవేలికి రెండు చుట్లు. వేలు నల్లబడేంత గట్టిగా చుట్టకండి. రెండు చేతుల నడుమ అంగుళం, అంగుళంన్నర దారం మాత్రమే మిగలాలి. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఇక్కడే. జానెడు దారం వదిలేస్తారు, అది అదుపులో ఉండదు. పై పళ్లకైతే ఆ ముక్కను బొటనవేళ్లతో బిగించి పట్టుకోండి, కింది పళ్లకైతే చూపుడు వేళ్లతో.

ముందు పై పళ్లలో నడిమి రెండింటి సందు. దారాన్ని అక్కడ ఆనించి, అటూ ఇటూ సన్నగా ఆడిస్తూ లోపలికి దింపండి. రెండు పళ్లు ఒకదాన్నొకటి తాకే చోటు బిగుతుగా ఉంటుంది. పతంగి మాంజా గుంజినట్టు ఒక్క లాగు లాగితే దారం ఆ బిగువు దాటి నేరుగా చిగురులో దిగబడుతుంది. ఓపికగా ఆడిస్తే టక్‌మని చిన్న చప్పుడుతో దిగుతుంది. చప్పుడు వినగానే చేయి ఆపాలి.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. చాలామంది ఇక్కడే అయిపోయిందనుకుని దారం బయటికి లాగేస్తారు. దారాన్ని కుడి పక్క పన్ను మీదికి వంచండి, అరసున్న ఆకారంలో ఆ పన్నును కౌగిలించుకున్నట్టు. అలా వంచి ఉంచే, చిగురు అంచు లోపలికి మెల్లగా జార్చండి. ఒకటి రెండు మిల్లీమీటర్లు పోయి అదే ఆగుతుంది, ఇంక నెట్టొద్దు. అక్కడి నుంచి కిందికీ పైకీ ఐదారుసార్లు తుడవండి. అడ్డంగా రంపంలా కాదు, నిలువుగా. తర్వాత దారాన్ని చిగురు కొస మీదుగా ఎత్తి, ఎడమ పన్ను మీదికి వంచి మళ్లీ అంతే. రెండు పళ్ల నడుమ చిగురు మొగ్గలా పొడుచుకుని ఉంటుంది. దాన్ని కోయకుండా ఇటు గోడా అటు గోడా తుడిచి బయటపడాలి. చేతులు ఊపారో ఆ మొగ్గ తెగుతుంది. మా అత్తమ్మ మాట, వేళ్లే తిరగాలె.

బయటికి తీశాక ఒకసారి దారం వాసన చూడండి. అసహ్యం అనుకోకండి. ముందు పళ్ల దారానికీ దవడ పళ్ల దారానికీ తేడా తెలిస్తే, పొద్దున లేవగానే నోటివాసన ఎక్కడి నుంచి వస్తుందో కొంతవరకు మీకే తెలుస్తుంది. ఆ ముక్కను కుడిచేతికి చుట్టేసి, ఎడమచేతి నుంచి కొత్త ముక్క విప్పి తర్వాతి సందుకు పోండి.

దవడ పళ్ల దగ్గర అందరూ నోరు బార్లా తెరుస్తారు. తెరిచేకొద్దీ బుగ్గ బిగుసుకుని వేలు పట్టదు. సగం మూయండి, బుగ్గ వదులై వేలు దానంతటదే పోతుంది. అన్నిటికన్నా చివరి పన్నుకు వెనక పన్ను లేకపోయినా దాని వెనక ముఖం తుడవాలి. దారం పైకి రాకుండా బిగుసుకుంటే కంగారుపడి గుంజకండి. ఒక చేతి కొస వదిలేసి, రెండో చేత్తో బుగ్గ వైపుకు పక్కగా లాగితే వచ్చేస్తుంది.

జ్ఞాన దంతాలు నాలుగూ ఉన్నవాళ్లకు 32 పళ్లు, 30 సందులు. అవి లేని 28 పళ్లవాళ్లకు 26. మొదటి రోజే అన్నీ చేయాలని కూర్చుంటే పావుగంట పట్టి, విసుగొచ్చి డబ్బా అటకెక్కుతుంది. పై ముందు పళ్లు ఆరింటి నడుమ ఉన్న ఐదు సందులే మూడు రాత్రులు చేయండి. తర్వాత కింద ముందువి. దవడ పళ్లు రెండో వారానికి. రాత్రి పడుకునే ముందు, బ్రష్ చేయకముందే దారం వేయండి. సందులు ఖాళీ అయ్యాక తోమితే పేస్టులోని ఫ్లోరైడ్ అక్కడికి కూడా చేరుతుంది.

మొదటి రాత్రి చాలామందికి రక్తం వస్తుంది. ఈ పాఠం మానేసేవాళ్లలో ఎక్కువమంది మానేసేది ఈ రాత్రే. "రక్తం వచ్చింది మేడం, అందుకే బంద్ చేసిన" అంటారు. పాచి పేరుకుని వాచిన చిగురు తాకితేనే కారుతుంది. మానేస్తే పాచి ఇంకా పేరుతుంది, చిగురు ఇంకా వాస్తుంది. రోజూ మెత్తగా చేస్తుంటే వారం పది రోజుల్లో తగ్గాలి. ఒకే చోట చురుక్కుమని నొప్పిపుట్టి, గీత గీసినట్టు రక్తం వస్తే మాత్రం దారం కోసిందని అర్థం. ఆ సందుకు రెండు రోజులు సెలవిచ్చి, చేయి సరిచేసుకోండి. రెండు వారాలైనా తగ్గకపోతే, చీము కనపడితే, పన్ను కదిలితే వచ్చి చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్లు అంత దాకా కూడా ఆగొద్దు. షుగర్ అదుపు తప్పితే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పండి. బీడీ, సిగరెట్ తాగేవాళ్లు రక్తం రావట్లేదని సంబరపడకండి. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి, లోపల చిగురు పాడవుతున్నా పైకి కారకపోవచ్చు.

పిల్లల సంగతి. "పాలపండ్లే గదా బిడ్డా, ఊడిపోయేటియే" అని ప్రతి ఇంట్లో ఒక నాయనమ్మ అంటుంది. పాల దవడ పళ్లు పదేళ్లు, పన్నెండేళ్లు వచ్చేదాకా ఊడవు. ఆరేళ్ల వయసులో వాటి వెనక శాశ్వత దవడ పన్ను వచ్చేస్తుంది, అది కూడా పాలపన్నే అనుకుంటారు. పక్కపక్కన ఉన్న పళ్లు ఒకదాన్నొకటి తాకుతున్నాయంటే పిల్లలకూ దారం మొదలుపెట్టాలి, మీరే చేయాలి. వాళ్లకు విల్లులా ఉండే ప్లాస్టిక్ పుల్ల ఫ్లాస్ సులువు. పిల్లను ఒళ్లో వెనక్కి వాల్చుకుని, తల మీ మోచేతి మీద పెట్టుకుని చేస్తే లోపలి దాకా కనపడుతుంది. మేడారం జాతర ఉన్న ఏడాది ఇంటికొచ్చే బంగారం, అదే బెల్లం, చాక్లెట్‌కంటే మంచిదని పిల్లల చేతుల్లో పెడుతుంటారు. ప్రసాదం పెట్టండి, కాదనను. పంటి పురుగుకు బెల్లమైనా చక్కెరైనా ఒకటే. తిన్న వెంటనే నీళ్లు పుక్కిలింపించి, ఆ రాత్రి దవడ పళ్లకు దారం వేయండి.

ఇంటి పని. మొదటి పాఠంలో పళ్ల బొమ్మ గీసుకున్న కాగితం తీయండి. దారం ఎక్కడ చీలుతుందో ఆ సందు మీద గుణకారం గుర్తు పెట్టండి. ఎక్కడ వాసన వస్తుందో అక్కడ చుక్క, రెండు వారాల తర్వాత కూడా రక్తం వచ్చే చోట సున్నా. గుణకారాలు, సున్నాలు ఉంటే ఆ కాగితాన్ని మీ డాక్టర్ చేతిలో పెట్టండి, వెతికే పని తగ్గుతుంది. చుక్కలు మాత్రమే ఉన్నవాళ్లు కాగితం దాచుకోండి. కింది ముందు పళ్ల వెనక, నాలుక తగిలే చోట గరుకుగా పేరుకునే గార గురించి అయిదో పాఠం. "క్లీనింగ్ చేయిస్తే పండ్లు కదులుతయట గదా" అన్న ప్రశ్న కూడా అందులోనే.