రాళ్ల తీరంలో నమూనాలకు వెళ్లే ముందు: మెరైన్ బయాలజీ ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు జాగ్రత్తలు

విశాఖలో తెన్నేటి పార్కు కింది రాళ్ల వైపు వెళ్లే ఇంటర్న్‌లు ముందురోజే ఇవన్నీ చూసుకోండి.

• పోటుపాటుల పట్టిక. పాటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైం పనికిరాదు. నీరు తిరగ్గానే ఒడ్డుకు వచ్చేయండి. ఒంటరిగా అసలు వద్దు.

• పట్టున్న బూట్లు.

• కోన్ నత్తను (శంకువు ఆకారపు పెంకున్న సముద్రపు నత్త) చేత్తో తీయొద్దు, ఎంత అందంగా ఉన్నా సరే. దాని విషపు ముల్లు గ్లవ్స్‌లోంచి కూడా దిగుతుంది.

• తిప్పిన రాయిని మళ్లీ అలాగే బోర్లించండి. అడుగున అంటుకున్న స్పాంజీలు, గుడ్లు ఎండకు చచ్చిపోతాయి. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

• పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. ఫొటో చాలు.

• లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. స్పిరిట్‌లో పెన్ను సిరా కరిగిపోతుంది. చోటు, తేదీ, వేళ లేని నమూనా కోసం ఒక ప్రాణిని చంపడం అన్యాయం.

• నీటి ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు సరిచేయండి.

ఇక నమూనాలు పాడవకుండా దాచే ద్రవం, ఫార్మలిన్. అందులోని ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. సీసా మూత ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే గూడు) కిందే తీయాలి, నైట్రైల్ గ్లవ్స్, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. నత్తలు, గవ్వల నమూనాలైతే బోరాక్స్ కలపండి, లేకపోతే ఫార్మలిన్‌లోని ఆమ్లానికి పెంకులు అరిగిపోతాయి. డీఎన్ఏ పరీక్షకు దాచేవాటిని ఫార్మలిన్‌లో వేయకండి, 95 శాతం ఇథనాల్ వాడండి. ఐవాష్ (కళ్లు కడుక్కునే కుళాయి) ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.