టోపీకి ఊలు ఎంత కొనాలి? అన్ని ఉండలూ కొనకముందే లెక్క తేల్చుకోండి

ఊలు కొట్టులో "అన్నా, టోపీకి ఎంత పడుద్ది?" అని అడిగితే "రెండు ఉండలు తీసుకోమ్మా, సరిపోద్ది" అంటారు. ఎవరి తలకి, క్రోషానా, రెండు సూదుల అల్లికా, అంచు మడత పెడతారా లేదా, ఇవేవీ అడగరు. మన నెల్లూరు, ఒంగోలు, కావలి వైపు చలి ఉండేదే నాలుగు రోజులు కాబట్టి ఊలు పెద్దగా కదిలే సరుకు కాదు, చాలా కొట్లలో ఒక్కో రంగులో కాసిన్ని ఉండలే ఉంచుతారు. తక్కువ పడిందని మళ్ళీ పోతే ఆ రంగు ఉండకపోవచ్చు, ఉన్నా అదే లాట్, అంటే ఒకేసారి అద్దిన సరుకు, దొరక్కపోవచ్చు. రంగు నంబర్ ఒకటే అయినా లేబుల్ మీద లాట్ నంబర్ మారిందంటే అద్దకంలో కాస్త తేడా వస్తుంది. కొట్టులో ట్యూబ్‌లైట్ కింద అది తెలీదు. ఎండలోకి వచ్చాక టోపీ మధ్యలో గీత గీసినట్టు కనబడుతుంది. కాబట్టి లెక్క ముందే వేసుకోవాలి, ఆ లెక్క ఉండల్లో కాదు, మీటర్లలో వేసుకోవాలి.

ముందు తల కొలవండి. టేపు కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా, వెనక తల ఎత్తుగా ఉండే చోటు చుట్టూ తిప్పాలి. పెద్దవాళ్ళకు మామూలుగా 21 నుంచి 23 అంగుళాలు ఉంటుంది, ఏడాది బిడ్డకు 18 దాకా, అప్పుడే పుట్టిన బిడ్డకు 13, 14. అల్లిక సాగుతుంది కాబట్టి పెద్దవాళ్ళ టోపీ చుట్టుకొలత ఒకటి రెండు అంగుళాలు తగ్గించుకోవాలి. పొడవు పెద్దవాళ్ళకు 8 అంగుళాలు, పసిబిడ్డకు 5 లేదా 6 చాలు. అంచు మడవాలంటే ఆ మడత ఎంతో అంత కలపండి. పుట్టువెంట్రుకలకు తిరుమల తీసుకెళ్ళే బిడ్డ కోసం అల్లుతున్నారా? అయితే జుట్టు మీద టేపు వదులుగా పెట్టి కొలవకండి, కాస్త అదిమి కొలవండి. వదులుగా కొలిస్తే ఊలు లెక్కలో పెద్ద తేడా రాదు కానీ, గుండు అయ్యాక టోపీ కళ్ళ మీదికి జారుతుంది, కొండ మీద చలిగాలికి చెవులు కప్పి ఉండాల్సింది ఆ రోజే కదా.

ఇక అసలు పని నమూనా ముక్క. చాలామంది దీన్ని దండగ అనుకుని వదిలేస్తారు, నాకైతే దీన్ని మించిన దారి లేదనిపిస్తుంది. ఒక ఉండ కొనండి, అదే లాట్‌లో ఇంకో రెండు పక్కన పెట్టమని కొట్టతనికి చెప్పండి. ఇంటికొచ్చి టోపీ అల్లబోయే సూదితోనే, అదే కుట్టుతో, 4 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్న ముక్క అల్లండి. తర్వాత దాన్ని తూకం వేసి, లేబుల్ మీదున్న ఉండ బరువు, మీటర్లతో పోల్చి ముక్కకు ఎన్ని మీటర్లు పట్టాయో లెక్కేయండి. వంటింటి కాటాలో 5 గ్రాములు సరిగ్గా తెలీదు, గ్రాము అటూ ఇటూ అయినా మొత్తం లెక్క తప్పిపోతుంది, కాబట్టి తెలిసిన బంగారం కొట్టులో వేయించుకోవచ్చు. అంత దూరం ఎందుకు అనుకుంటే ముక్కను విప్పేసి ఆ దారం వంకర్లు సరిచేసి, సాగదీయకుండా టేపుతో కొలవండి. నేను విప్పడానికే ఓటేస్తాను, ఎందుకంటే మీటర్లు సూటిగా వచ్చేస్తాయి, ఆ దారం మళ్ళీ టోపీలోకే పోతుంది.

ఉదాహరణకు టోపీ చుట్టుకొలత 20 అంగుళాలు, పొడవు 8 అనుకుందాం. రెండూ గుణిస్తే 160 చదరపు అంగుళాలు. మీ ముక్క 16 చదరపు అంగుళాలు, అంటే టోపీకి అలాంటి ముక్కలు 10 కావాలి. ముక్కకు పదిన్నర మీటర్లు పట్టిందంటే టోపీకి 105 మీటర్లు. 2 అంగుళాల మడత కావాలంటే ఇంకో 40 చదరపు అంగుళాలు, అంటే మరో 26 మీటర్లు, మొత్తం 131. నెత్తి దగ్గర కుట్లు తగ్గిస్తూ పోతాం కాబట్టి ఈ లెక్క కాస్త ఎక్కువే చూపిస్తుంది, అయినా పైన పదో వంతు కలుపుకోండి, ముడులకు, చివరి దారాలకు పోతుంది. అంచుకు రిబ్బు (నిలువు గీతల్లా వచ్చే, సాగే అల్లిక) వేస్తుంటే దానికి వేరే చిన్న ముక్క అల్లి, సాగదీయకుండా కొలవండి, రిబ్బు ముడుచుకుంటుంది కాబట్టి అదే జాగాకు ఎక్కువ దారం తింటుంది.

ముక్క అల్లే తీరిక లేనివాళ్ళకు ఉజ్జాయింపు చెప్తాను. 8 ప్లై ఊలుతో (మధ్యరకం లావున్నది) రెండు సూదుల మీద అల్లే పెద్దవాళ్ళ టోపీకి 160 నుంచి 210 మీటర్లు చేతిలో ఉంటే టెన్షన్ ఉండదు, పసిబిడ్డ టోపీకి 60 నుంచి 90. క్రోషా అయితే అదే జాగాకు దాదాపు మూడో వంతు ఎక్కువ పడుతుంది. జడల్లాంటి డిజైన్లు వేసినా అంతే, దారం ఇట్టే అయిపోతుంది. పైన పామ్‌పామ్ (ఊలు బంతి) పెట్టాలనుకుంటే దానికి విడిగా ఉంచుకోండి, ఒత్తుగా చేస్తే అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ లాగుతుంది.

కాటన్‌తో అల్లేవాళ్ళు మాత్రం గ్రాముల లెక్క నమ్ముకోవద్దు. మన ఎండలకు, ఉక్కపోతకు పిల్లలకు కాటనే హాయి, నేనూ అదే చెప్తాను. కానీ అదే లావున్న యాక్రిలిక్ (సింథటిక్) ఊలు కంటే కాటన్ బరువు. కాబట్టి 100 గ్రాముల కాటన్ ఉండలో మీటర్లు తక్కువుంటాయి. యాక్రిలిక్‌తో ఒక ఉండలో అయిపోయిన టోపీకి కాటన్ ఒక ఉండ చాలకపోవచ్చు. లేబుల్ మీద మీటర్లు రాసుంటే మీకు కావాల్సిన మీటర్లను దానితో భాగించండి, 1.2 వచ్చినా రెండు ఉండలే కొనాలి. లేబుల్ లేని లచ్చి అయితే ఇంటికి తెచ్చి ఒక చుట్టు ఎంత పొడవుందో కొలిచి, చుట్లు లెక్కపెట్టి గుణించండి.

బిల్లు కట్టేటప్పుడే "లేబుల్ తీయకపోతే మిగిలిన ఉండ వాపసు తీసుకుంటారా?" అని అడిగేయండి. సరే అంటే ఒకటి ఎక్కువే తెచ్చుకోండి, దాన్ని చివరిదాకా విప్పకండి.