తాతగారి బొమ్మ రైలు సామాను అటక దించుతున్నారా? ముందు ఇది చదవండి

పోయిన నెల కావలిలో మా పిన్ని వాళ్లింట్లో అటక మీది ట్రంకు పెట్టె దించారు. మా చినతాత బిట్రగుంట షెడ్డులో ఆవిరి ఇంజన్ డ్రైవరు. అక్కడి రైల్వే కాలనీలో ఉండిన ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఊరు వదిలి వెళ్తూ ఆయనకిచ్చిన బొమ్మ రైలు సామాను అందులో ఉంది. వాళ్లకు అమెరికా చుట్టాలు పంపారట. లయొనెల్ కంపెనీ 145 నంబరు గేట్‌మ్యాన్ గది కూడా ఉంది. 1950లో వచ్చిన మోడల్ అది. రైలు రాగానే తలుపు తెరుచుకుని, లాంతరు పట్టుకున్న చిన్న మనిషి బయటికొస్తాడు.

పిల్లలకు చూపిద్దామని మా తమ్ముడు పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు పిన్ మార్చే అడాప్టర్ తగిలించి గోడ సాకెట్లో పెట్టాడు. నిమిషం తిరక్కుండానే పొగ, మాడు వాసన. పిన్ని పరుగెత్తి మెయిన్ ఆపింది. పక్కనే దూది పరుపు ఉంది, ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో.

గోడ ప్లగ్గు

"పనిచేస్తుందో లేదో ఒక్కసారి చూద్దాం" అని పెట్టడమే అసలు తప్పు. ఇలా పోయినవి నేను మూడు చూశాను. ఏళ్ల తరబడి పెట్టెలో చెక్కుచెదరకుండా ఉన్న వస్తువు ఆ ఒక్క నిమిషంలో పోతుంది.

అమెరికా ట్రాన్స్‌ఫార్మర్లు సుమారు 110 నుంచి 120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు చేసినవి. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బొమ్మకు వెళ్లే వైపు 14 వోల్టులు రావలసిన చోట దాదాపు 28 వస్తాయి. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌తో పాటు గేట్‌మ్యాన్‌ను కదిలించే కాయిల్ కూడా మాడింది.

ఇంగ్లండ్ హార్న్‌బీ సామాను మన వోల్టేజికి సరిపోతుంది కదా అంటారు. సరిపోయినా వద్దు. పాత రబ్బరు వైరు ఎండి పెచ్చులూడిపోయి ఉంటుంది, లోపలి రాగి ఇనుప బాడీకి తగులుతుంది. ఆ ప్లగ్గులో ఎర్త్ లేకపోతే షాక్ కొట్టేది మీ చేతికే.

కరెంటు ఎలా ఇవ్వాలి

పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను జ్ఞాపకంగా బీరువాలో పెట్టండి. రేడియో సామాన్ల షాపులో 2 ఆంపియర్ల 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. సున్నా నుంచి ఒక తీగ, ఒక 12 నుంచి ఇంకో తీగ తీసుకోండి. రెండు 12లూ కలిపి తీసుకుంటే 24 వస్తాయి. తీగకు ఫ్యూజు పెట్టండి. మొదటిసారి ఇచ్చేటప్పుడు గోడ వైపున 60 వాట్ల పాతకాలం ఫిలమెంటు బల్బును సీరీస్‌లో పెట్టమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఆ బల్బు నిండుగా వెలిగిందంటే ఎక్కడో షార్టు ఉన్నట్టే. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

రంగు, లోహం

ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది. ఎమెరీ పేపర్‌తో రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పిల్లలకు మరీ ప్రమాదం. తడిగుడ్డతో తుడవండి, చాలు. పోత పోసిన జింకు భాగాలు ఉబ్బి పగుళ్లు కనిపిస్తే స్క్రూ బిగించకండి, పొడిపొడి అవుతాయి.

ఇక మిగతావి:

తుపాను రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. నవంబరులో నెల్లూరు గాలికి కాయిల్ చుట్టిన కాగితం కూడా చెమ్మ పడుతుంది.

ఎండలో పెట్టవద్దు, రంగు పోతుంది. పొడి గదిలో నాలుగు రోజులు ఉంచండి.

పెట్రోలు, థిన్నర్ వద్దు.

కాయిల్ మీద నూనె స్ప్రే కొట్టవద్దు. కీలు దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క.

బొమ్మ రైలు పట్టా కింద పెట్టే కాంటాక్టర్ అనే స్విచ్చి రైలు బరువుకు నొక్కుకున్నప్పుడే గేట్‌మ్యాన్‌కు కరెంటు వెళ్తుంది. రైలును దాని మీద ఆపి ఉంచవద్దు, కాయిల్ వేడెక్కుతూనే ఉంటుంది.

పాత ట్రాన్స్‌ఫార్మరే వాడతామంటే ముందు మోటారు వైండింగ్ షాపులో మెగ్గర్ (కరెంటు బాడీకి లీకవుతుందేమో చూసే మీటరు) పెట్టించండి, వైరు మార్పించండి, 230 నుంచి 110కి దించే స్టెప్ డౌన్ కొనండి. 50 హెర్ట్జ్ మీద అది ఇంకా వేడెక్కుతుంది, పూర్తి లోడు వేయవద్దు.

పుట్టినరోజు పూట, ఇంటి నిండా పిల్లలున్నప్పుడు మొదటి పరీక్ష వద్దు.

గోడ ప్లగ్గులో పెట్టవద్దు. ఒక్కసారికి కూడా వద్దు.

ఆ పెట్టెలో పిన్ మార్చే అడాప్టర్ ఉంటే ఇవాళే తీసి వేరే చోట పెట్టండి.