ఆకు ఊపిరి కొలిచేటప్పుడు మీ ఊపిరి ఎటు పోతోందో చూసుకోండి

పొలానికి మోసుకెళ్లి ఆకు కిరణజన్య సంయోగక్రియ కొలిచే యంత్రంతో చిక్కేమిటంటే, ఏం చేసినా ఏదో ఒక అంకె చూపిస్తుంది. ఆకును బిగించే చిన్న గది, అంటే చాంబర్‌లో ఆకు సగమే ఉన్నా, దాని అంచున గాలి పోకుండా ఉండే మెత్తటి పట్టీ, అంటే గ్యాస్కెట్ పక్కనుంచి గాలి కారుతున్నా, తెర మీద దశాంశాలతో సహా ఒక విలువ దర్జాగా నిలబడుతుంది. మొదటి సీజన్లో నేను ఆ దర్జాకే పడిపోయాను. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ముందు ఆ అంకెను అనుమానించడం నేర్పుతున్నాను.

లోపల గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ ఆవిరినీ కొలిచే రెండు ఇన్‌ఫ్రారెడ్ ఎనలైజర్లు ఉంటాయి. ఒకటి ఆకును తాకని గాలిని చూస్తుంది, రెండోది ఆకును దాటొచ్చిన గాలిని. తగ్గిన కార్బన్ డయాక్సైడ్ ఆకు తీసుకున్నది, పెరిగిన ఆవిరి ఆకు వదిలినది. ఈ తేడా ఎంత చిన్నదో ఒకసారి కాగితం మీద లెక్క వేయండి. చాంబర్ 6 చదరపు సెంటీమీటర్లు, గాలి ప్రవాహం సెకనుకు 500 మైక్రోమోళ్లు అనుకుందాం. చదరపు మీటరుకు సెకనుకు 20 మైక్రోమోళ్లు తీసుకునే ఎండ ఆకు అయితే తేడా 24 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 24. అదే 3 మాత్రమే తీసుకునే నీడ ఆకు అయితే 3.6 పీపీఎం. ఇప్పుడు రెండు ఎనలైజర్ల మధ్య 2 పీపీఎం పొత్తు కుదరలేదనుకోండి. ఎండ ఆకు విలువలో 8 శాతం తప్పు, నీడ ఆకు విలువలో సగానికి పైగా తప్పు! అందుకే మ్యాచింగ్ చేయాలి. రెండింటికీ ఒకే గాలి పంపి, రెండూ ఒకే మాట చెప్పేలా సరిచేయడమే మ్యాచింగ్. నేను అరగంటకోసారి చేస్తాను. కార్బన్ డయాక్సైడ్ స్థాయి మార్చినప్పుడల్లా తప్పకుండా చేస్తాను. నీడ ఆకులైతే ప్రతి ఆకుకూ చేస్తాను.

పొద్దున్నే యంత్రాన్ని నీడలో పెట్టి ఆన్ చేసి, అరగంట వేడెక్కనివ్వండి. ఈలోపు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే సోడా లైమ్, తేమ పీల్చే గుళికలు చూసుకోండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే వాటి పని అయిపోయినట్టే. గాలిని సోడా లైమ్ గుండా పంపే స్క్రబ్ మరను పూర్తిగా తిప్పితే రిఫరెన్స్, అంటే ఆకును తాకని గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నా దగ్గరకు దిగాలి. దిగకపోతే సోడా లైమ్ మార్చండి.

తర్వాత ఖాళీ చాంబర్ మూసి, గ్యాస్కెట్ చుట్టూ నోటితో మెల్లగా ఊదండి. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 40,000 పీపీఎం, అంటే బయటి గాలిలో ఉన్నదానికి వంద రెట్లు. చిన్న కన్నం ఉన్నా అంకె ఎగిరి పడుతుంది. కొలత తీసేటప్పుడు ఇదే ఊపిరి మనకు శత్రువు. తెర చదవడానికి వంగి, గాలి లోపలికి పీల్చే గొట్టం మీదే ఊపిరి వదిలేవాళ్లను చాలామందిని చూశాను. ఆ గొట్టం చివర పెద్ద ఖాళీ డబ్బా తగిలించి, మనుషులకు దూరంగా ఎత్తులో పెట్టండి.

ఆకు ఎంపికకు ఎక్కువ ఆలోచించక్కర్లేదు: పూర్తిగా విచ్చుకున్న వాటిలో లేతది, ఎండ తగిలేది, మంచు తడి ఆరినది. చాలా మొక్కలు ఎండ ముదిరాక పత్రరంధ్రాలు మూసుకుంటాయి కాబట్టి నేను 9 నుంచి 11 గంటల మధ్యే తీస్తాను. చాంబర్ లోపల కాంతి చదరపు మీటరుకు సెకనుకు 1500 మైక్రోమోళ్లు, కార్బన్ డయాక్సైడ్ 400 పీపీఎం, ఉష్ణోగ్రత బయట ఉన్నంత పెడతాను. లావు ఈనె గ్యాస్కెట్ కింద పడకూడదు, పడితే అక్కడే కారుతుంది. ఉష్ణోగ్రత తీగ ఆకు అడుగును తాకుతోందో లేదో చూడండి.

ఇక ఆగాలి. అందరూ తప్పేది ఇక్కడే. కార్బన్ గ్రాఫ్ రెండు మూడు నిమిషాల్లో చదునవుతుంది, పత్రరంధ్రాలు మాత్రం తీరిగ్గా తెరుచుకుంటాయి. నీడలోంచి వచ్చిన ఆకుకు ఇరవై నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. కార్బన్ గీత, పత్రరంధ్రాల గీత రెండూ చదునయ్యాకే కొలతను నమోదు చేసే లాగ్ మీట నొక్కండి. నొక్కేముందు ఆకు లోపలి కార్బన్ డయాక్సైడ్ విలువ మీద ఓ కన్నేయండి. బయట 400 ఉన్నప్పుడు వరి లాంటి మొక్కలో అది 250, 300 మధ్య, మొక్కజొన్నలో అంతకంటే బాగా తక్కువ ఉండటం మామూలు. రుణ సంఖ్య వస్తే ఆకులో తప్పు వెతక్కండి, బిగింపు చూడండి.

వైశాల్యం సంగతి నా స్వానుభవం. వరి ఆకు చాంబర్‌ను నింపదు. 1.2 సెంటీమీటర్ల వెడల్పు ఆకు 3 సెంటీమీటర్ల పొడవున పడితే 3.6 చదరపు సెంటీమీటర్లే. యంత్రంలో 6 అలాగే వదిలేసి నేను రోజంతా కొలిచాను. 25 రావాల్సిన చోట 15 వచ్చింది. మొక్కలకు నత్రజని చాలలేదని ఒక పేరా కూడా రాసేశాను! అదృష్టం కొద్దీ నోట్‌బుక్‌లో ప్రతి ఆకు వెడల్పూ ఉంది, రాత్రి కూర్చుని లెక్కంతా తిరగరాశాను. అందుకే వెడల్పు స్కేలుతో కొలిచి, లాగ్ నంబరు పక్కనే పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా చెమటకు చెరిగిపోతుంది.

సాయంత్రం యంత్రం పెట్టెలో పెట్టేముందు చాంబర్ బిగింపు వదులు చేయండి. రాత్రంతా నొక్కి ఉంచిన గ్యాస్కెట్ పొద్దున్నకి అప్పడంలా అయిపోతుంది, మళ్లీ ఊది చూస్తే అంకె ఎగురుతుంది.