పాడైంది ప్లేయరా, పాటా?

"సప్పుడంతా వస్తాంది గానీ పాడే మనిషే లేడు అబ్బోడా!"

పోయిన ఎండాకాలం మా చిన్నాయన జేబులో పెట్టుకునే తన పాటల ప్లేయర్ తెచ్చి నా ముందర పెట్టి అన్న మాట ఇది. ప్రొద్దుటూరులో బస్సెక్కి కడపలో దిగేదాకా గొంతు లేని కీర్తనలే విన్నాడంట. ఇంకొకటి కొనిపించమని వచ్చినాడు. రెండు నిమిషాల్లో బాగైంది, పైసా ఖర్చు కాలేదు.

ఫోన్ ఉండగా విడిగా ప్లేయర్ ఎందుకని అడిగేవాళ్లే ఎక్కువ. 2001లో వచ్చిన ఐపాడ్‌ను ఆపిల్ 2022లో ఆపేసింది కూడా. అయినా సోనీ వాక్‌మన్ పేరుతో, ఫియో పేరుతో కొత్త ప్లేయర్లు వస్తూనే ఉన్నాయి. పొద్దున వాకింగ్‌కు పోయేవాళ్లకు, పాట మధ్యలో ఫోన్ మోగితే చిరాకుపడేవాళ్లకు, టచ్ స్క్రీన్ అంటేనే బెదిరే మా జేజి లాంటి వాళ్లకు అవి పనికొస్తాయి. వాటికేదన్నా అయితే నా దగ్గరికి తెస్తారు. తెచ్చినవాళ్లలో సగంపైగా "ఇది పోయింది, ఏది కొనమంటావు?" అనే అడుగుతారు. పోయింది ప్లేయర్ కాదని నాకు చాలాసార్లు తేలింది. పాట ఫైలు, మెమరీ కార్డు, ఇయర్‌ఫోన్, ప్లేయర్ అని నాలుగున్నాయి. ఒకసారికి ఒక్కటే మార్చి వినండి. నాలుగూ కలిపి మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తెలియదు.

వాయిద్యాలు వినిపిస్తాయి, గొంతు వినిపించదు

మా చిన్నాయన సంగతి ఇదే. ఇయర్‌ఫోన్ పిన్ను మీద కుడి, ఎడమ చెవులకు చెరొక రింగు, రెండింటికీ కలిపి కరెంటు తిరిగి పోయే దారి, అంటే గ్రౌండ్, ఒకటి ఉంటాయి. ఆ గ్రౌండ్ తగలకపోతే కరెంటు కుడి స్పీకర్ నుంచి ఎడమ స్పీకర్‌కు నేరుగా పోతుంది. అప్పుడు కుడి, ఎడమ చానెళ్లు రెండింట్లో ఒకేలా ఉన్నదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని, తేడాగా ఉన్నదే మిగులుతుంది. రికార్డింగుల్లో పాడేవాళ్ల గొంతును సాధారణంగా మధ్యలో, అంటే రెండు చానెళ్లలోనూ సమానంగా పెడతారు. అందుకే ముందు మాయమయ్యేది గొంతే. ఒక పక్కగా ఉన్న వయొలిన్, వెనక గుయ్‌మనే ప్రతిధ్వని మాత్రం మిగిలిపోతాయి.

గ్రౌండ్ తగలకపోవడానికి నేను చూసినంతలో కారణాలు మూడు. మొదటిది, మందమైన రబ్బరు కవరు అడ్డుపడి పిన్ను పూర్తిగా దిగకపోవడం. రెండోది, జాక్ లోపల దుమ్ము, జేబులోని నూగు పేరుకుపోవడం. బండల పాలిష్ ఫ్యాక్టరీల పక్కన తిరిగే మనవాళ్ల జేబుల్లో ఏముంటుందో చెప్పాల్సిన పని లేదు. మూడోది మైకున్న ఇయర్‌ఫోన్. దాని పిన్ను మీద నాలుగు భాగాలుంటాయి. మైకు ఎక్కడుండాలి, గ్రౌండ్ ఎక్కడుండాలి అనే విషయంలో రెండు పద్ధతులున్నాయి: ఇప్పుడు ఎక్కువగా కనిపించే సీటీఐఏ, పాత ఫోన్లలో ఉండిన ఓఎంటీపీ. ఒక పద్ధతి ఇయర్‌ఫోన్‌ను ఇంకో పద్ధతి జాక్‌లో పెడితే గొంతు పోతుంది.

కనిపెట్టడం సులువు. పాట నడుస్తుండగా ఇయర్‌ఫోన్ తీగ మీదున్న మైకు బటన్ నొక్కి పట్టుకోండి. గొంతు తిరిగొస్తే తప్పు పిన్నుదే. ఆ బటన్ మైకును, గ్రౌండ్‌ను కలుపుతుంది కాబట్టి నొక్కినంతసేపూ అంతా సరిగ్గా ఉంటుంది. మైకు లేని మూడు భాగాల పిన్ను ఇయర్‌ఫోన్ పెడితే ఈ బాధ ఉండదు. రెండు పద్ధతులను మార్చే చిన్న అడాప్టర్లు కూడా దొరుకుతాయి. దుమ్మయితే ప్లేయర్ ఆపేసి, పళ్లు కుట్టుకునే చెక్క పుల్లతో మెల్లగా తీయండి. పిన్నీసు మాత్రం పెట్టొద్దు, లోపలి రేకు వంగితే నిజంగానే ఖర్చవుతుంది. చిన్నాయన దాంట్లో వచ్చింది కవరు తంటా. కవరు తీసేసి గట్టిగా నొక్కితే 'టక్' మని దిగింది.

కొత్త ప్లేయర్ కంటే పాతదే బాగుంది (లేదా కొత్తది అద్భుతంగా ఉంది)

రెండూ ఒకే జబ్బు. ఎక్కువ సౌండుతో వినిపించేది చెవికి బాగున్నట్టు తోస్తుంది. తేడా చాలా కొంచెమున్నా సరే, "ఇందులో సౌండు పెద్దది" అనిపించదు. "ఇందులో స్పష్టత ఉంది, బేస్ గట్టిగా ఉంది" అనిపిస్తుంది. ఈ ఒక్క కారణంతోనే మా వీధిలో కనీసం ముగ్గురు ప్లేయర్లు మార్చేశారు.

ముందు రెండు ప్లేయర్లలోనూ ఈక్వలైజర్, బేస్ బూస్ట్, సరౌండ్ లాంటివన్నీ ఆపేయండి. చాలా ప్లేయర్లలో ఏదో ఒకటి కొన్నప్పటి నుంచే ఆన్‌లో ఉంటుంది. తర్వాత సౌండు సమం చేయాలి. "వాల్యూమ్ 20 అక్కడ, 20 ఇక్కడ" అంటే కుదరదు, ఒకరి 20 ఇంకొకరి 35 కావచ్చు. మల్టీమీటర్ ఉంటే మేలు. ఒకే టోన్ ఫైలును (హెచ్చుతగ్గుల్లేకుండా ఒకే తీరుగా మోగే శబ్దం) రెండిట్లో వేసి, ఇయర్‌ఫోన్ తగిలించి ఉండగానే స్ప్లిటర్ (ఒక జాక్‌ను రెండుగా చీల్చే తీగ) రెండో పక్క నుంచి ఏసీ వోల్టేజీ చూడండి. ఇక్కడ రెండు మెలికలున్నాయి. మామూలు మీటర్లు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ కోసం చేసినవి, కాబట్టి టోన్ 50, 100 హెర్ట్జ్ మధ్యలో ఉంటే అంకెను నమ్మొచ్చు. ఇంకోటి, ఏసీలో 200 వోల్టుల రేంజి తప్ప లేని చౌక మీటరు దీనికి పనికిరాదు, మిల్లీవోల్టులు చూపేది కావాలి. రెండు అంకెలూ ఒక శాతం తేడాలో ఉంటే చాలు. టోన్ వేసినప్పుడు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోవద్దు.

మీటరు లేకపోతే? ఫోన్‌లో సౌండు కొలిచే యాప్ వేసి, ఇయర్‌ఫోన్‌ను మైకు దగ్గర ఒకే చోట, ఒకే తీరులో ఆనించి చూడండి. ఆ అంకె నిజమైన డెసిబెల్ కాకపోవచ్చు, మనకు కావలసింది రెండింటి పోలికే.

ఆ తర్వాత ఇంకొకరిని మార్చమని, మీరు చూడకుండా వినండి. మా అల్లుడు "నేను కళ్లు మూసుకుని చెప్తా మామా" అని పందెం కాసి పదిసార్లలో ఐదుసార్లు కనుక్కున్నాడు. బొమ్మా బొరుసా వేసినా అన్నే వస్తాయి. అప్పటి నుంచి నా ముందర "సౌండ్‌స్టేజ్" (ఏ వాయిద్యం ఎక్కడుందో చెవికి తెలియడం) అనే మాట ఎత్తడు.

నిజంగా తేడా ఉండే చోట్లూ లేకపోలేదు. ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) ఇయర్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదని ఒక లెక్క. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 2 ఓమ్‌ల లోపు అన్నమాట. అది మించితే, లోపల నాలుగైదు డ్రైవర్లు, అంటే బుల్లి స్పీకర్లు, ఉన్న ఇయర్‌ఫోన్లలో బేస్, ట్రెబుల్ తూకం మారిపోతుంది. పాట ఆగినప్పుడు కూడా సన్నగా 'స్స్' మంటుంటే అది ఆంప్లిఫయర్ సొంత రొద. చాలా సున్నితమైన ఇయర్‌ఫోన్లలోనే అది బయటపడుతుంది. ప్లేయర్ సెట్టింగుల్లో గెయిన్ (సౌండును పెంచే మోతాదు) 'లో' కు మార్చి చూడండి. తిరగేసి, 250, 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్‌ను అగ్గిపెట్టంత ప్లేయర్‌కు తగిలించి "సౌండే రాలేదు" అంటే ప్లేయర్ తప్పు కాదు. ఎడ్లబండికి లారీ లోడు వేసినట్టు.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో రెండు ప్లేయర్లను పోల్చేవాళ్లకు ఒక మాట. అప్పుడు డిజిటల్‌ను శబ్దంగా మార్చే చిప్ ఇయర్‌బడ్‌లో ఉన్నదే. ప్లేయర్‌లోని ఖరీదైన చిప్ పక్కన కూర్చుని చూస్తుంటుంది. తేడా వస్తే కోడెక్ (గాల్లో పంపడానికి పాటను కుదించే పద్ధతి) వల్ల రావాలి: ఒకటి ఎస్‌బీసీలో, ఇంకోటి సెకనుకు 990 కిలోబిట్ల (కేబీపీఎస్) దాకా పోగల ఎల్‌డాక్‌లో కలిసి ఉండొచ్చు.

ఫ్లాక్ వేసినా గొప్పగా ఏం లేదు

సీడీ నాణ్యత అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, సెకనుకు 1,411 కిలోబిట్లు. ఫ్లాక్ అందులో ఏదీ పారేయకుండా మడతపెడుతుంది, ఫైలు ఇంచుమించు సగానికి దిగుతుంది. ఎంపీ3 మాత్రం చెవికి అందదనుకున్నది తీసేస్తుంది. తీసేసింది మళ్లీ రాదు. 128 కేబీపీఎస్ ఎంపీ3ను ఎవరో ఫ్లాక్‌గా మార్చి పంచితే, పెరిగేది సైజు ఒక్కటే. చల్లను పెద్ద బిందెలో పోస్తే పాలవుతాయా? కంప్యూటర్‌లో శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో ఫైలు తెరిచి చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు బొమ్మ ఆగిపోతే అది ఎంపీ3 నుంచి వచ్చిందని అనుమానించాలి.

పాత పాటల విషయంలో ఇంకొంచెం ఓపిక పట్టండి. 1950ల నాటి టేపులో లేని పై శ్రుతులను 192 కిలోహెర్ట్జ్ ఫైలు పుట్టించలేదు. అది కార్డు నింపడానికే.

పాటల వరుస తారుమారు, పేర్లు డబ్బాలు డబ్బాలు

మా జేజి ప్లేయర్‌లో అన్నమయ్య కీర్తనలు వేసిచ్చినప్పుడు ఇది నన్ను బాగా ఏడిపించింది. సుప్రభాతం మొదట రావాలి, ఏకాంత సేవ పాట చివర రావాలి. అది తెల్లారి ఐదింటికే జోల పాడింది. "దేవుణ్ణి లేపకముందే పండబెడతావా?" అని జేజి కోప్పడింది.

చౌక ప్లేయర్లు పేరు చూడవు, కార్డు పట్టికలో ఏది ముందు రాసి ఉంటే దాన్నే ముందు పాడతాయి. కంప్యూటర్ ఒకేసారి వంద పాటలు కాపీ చేసేటప్పుడు ఆ వరుస మన ఇష్టం ప్రకారం ఉండదు. ఫైలు పేరు ముందు 01, 02 అని పెట్టి, కార్డు ఖాళీ చేసి, అదే వరుసలో మళ్లీ కాపీ చేయండి. అప్పటికీ మొండికేస్తే ఫ్యాట్‌సార్ట్ అనే చిన్న ప్రోగ్రాం ఆ పట్టికనే సరిచేస్తుంది. 1, 2, 10 అని పెడితే పేరు చూసే ప్లేయర్లలో కూడా 1 తర్వాత 10 వస్తుంది, సున్నా మరవొద్దు.

తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తే ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ లేనట్టు. పిచ్చి గుర్తులుగా కనిపిస్తే ట్యాగ్ (ఫైలు లోపల దాచిన పాట వివరాలు) రాసిన తీరు తేడా. ఎంపీ3ట్యాగ్‌లో తెరిచి ఐడీ3 వెర్షన్ 2.3, యూటీఎఫ్-16లో సేవ్ చేస్తే చాలావరకు కుదురుతుంది. ఫాంట్ ఉన్నా వత్తులు అక్షరం కింద చేరకుండా విడివిడిగా పక్కన నిలబడే ప్లేయర్లున్నాయి. అక్షరాలను కలిపే ప్రోగ్రాం అందులో లేకపోవడమే కారణం, దానికి మనం చేయగలిగింది లేదు. నేనైతే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేశాను. జేజి ఎట్లాగూ చదవదు, బటన్ లెక్క పెట్టుకుంటుంది.

పాట మధ్యలో ఆగిపోతుంది, లేదా కార్డే కనబడదు

మొదట్లో బాగా పాడి, కార్డు నిండేకొద్దీ పాటలు చెడిపోతుంటే నకిలీ కార్డని అర్థం. పైన 128 జీబీ అని ఉంటుంది, లోపల 8 ఉంటుంది. నాకూ ఒకటి అంటగట్టారు, బిల్లు కూడా ఇయ్యలేదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు మొత్తం రాసి, చదివించి చూడండి. గంటలు పడుతుంది, నిజం తేలుతుంది. ముందు పాటలు కాపీ చేసి పెట్టుకోండి.

కార్డు అసలు కనబడకపోతే ఫార్మాట్ (కార్డులో ఫైళ్లు సర్దే పద్ధతి) చూడండి. 64 జీబీ, ఆపై కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. పాత ప్లేయర్లకు ఫ్యాట్32 తప్ప రాదు. విండోస్‌లో కుడి క్లిక్ చేసి ఫార్మాట్ చేస్తే చాలాకాలం 32 జీబీ దాటి ఫ్యాట్32 ఇచ్చేది కాదు, మీదాంట్లోనూ ఇవ్వకపోతే విడిగా ఒక ఫార్మాట్ ప్రోగ్రాం కావాలి. మార్చాక చాలా పాత ప్లేయర్లు పెద్ద కార్డును కూడా చదువుతాయి.

ఆన్ చేసిన ప్రతిసారీ ఐదు నిమిషాలు "స్కానింగ్" అంటుంటే, సెట్టింగుల్లో లైబ్రరీ అప్‌డేట్‌ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చండి.

చిన్నాచితకా

చార్జింగ్‌లో పెట్టి వింటే 'గుయ్' మంటుందా, చార్జర్ మార్చండి, లేదా తీసి వినండి. ఎఫ్ఎం పట్టడం లేదంటే ఇయర్‌ఫోన్ తగిలించండి, దాని తీగే ఏరియల్. కచేరీ రికార్డింగులో ఆలాపనకూ కృతికీ నడుమ చిన్న మౌనం తగులుతుంటే అది ఎంపీ3 మొదట్లో, చివర్లో చేరే ఖాళీ. గ్యాప్‌లెస్ ఉన్న ప్లేయర్‌లో ఆ ఆప్షన్ ఆన్ చేయాలి, లేకపోతే రెండింటినీ కలిపి ఒకే ఫైలు చేసుకోవాలి.

ఎండాకాలంలో చార్జింగ్ నిలవదు, వెనక మూత లేస్తోంది

ఇది మాత్రం నవ్వులాట కాదు. లిథియం బ్యాటరీలను చార్జ్ చేయడానికి సాధారణంగా 45 డిగ్రీలు పై హద్దు. మే నెలలో కడప నీడలోనే 40 దాటుతుంది, ఇంక కారు డ్యాష్‌బోర్డు మీద, బైకు ట్యాంకు కవర్లో ఎంతుంటుందో చూసుకోండి. ఎండలోంచి తెచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకుండా చల్లారనివ్వండి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. నెలల తరబడి వాడకపోతే సగం చార్జింగ్‌లో ఉంచండి.

మూత లేచిందంటే బ్యాటరీ ఉబ్బిందనే. నొక్కి మూయడం, సూదితో గాలి తీయడం, ఇంకొక్కసారి చార్జ్ చేసి చూడడం, ఏదీ చేయొద్దు. స్విచ్ ఆపేసి, పరుపులకు, గుడ్డలకు దూరంగా బండ మీద పెట్టి, బ్యాటరీ మార్చడం తెలిసిన మెకానిక్ చేతికివ్వండి. చాలా ప్లేయర్లలో బ్యాటరీ మారుతుంది. దొరక్కపోతే అప్పుడు రండి, ఏది కొనాలో చెప్తాను.