‘రన్’ అంటే పరిగెత్తడమేనా? సరైన అర్థం పట్టుకోవడం ఎలా?

చిన్న క్లాసులో నేర్చుకున్న ‘రన్ అంటే పరిగెత్తు’తోనే డిగ్రీ దాకా నెట్టుకొచ్చేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నా. ఈ ఒక్క క్రియకే 645 అర్థాలని ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ వాళ్లు 2011లో లెక్క తేల్చారు. కంగారొద్దు, మనకు ఓ ఇరవై చాలు.

1. ఒక లెర్నర్స్ డిక్షనరీ (ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ల కోసం తేలిక మాటల్లో రాసింది), నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు. డిక్షనరీ ఇంగ్లీష్–ఇంగ్లీషే అయ్యుండాలి. ఫోన్ యాప్ పనికిరాదు, అంతే.

2. కర్త ఎవరో చూడండి. నది పారుతుంది, ముక్కు కారుతుంది, బస్సు నడుస్తుంది, ఉతికితే చీర రంగు దిగుతుంది. అన్నిటికీ ఇంగ్లీష్ వాళ్లకు రన్ ఒక్కటే.

3. కర్మ ఉందేమో చూడండి. ‘షి రన్స్’ అంటే పరిగెడుతుంది, ‘షి రన్స్ ఎ హోటల్’ అంటే హోటల్ నడుపుతుంది. ఇది తేలికే.

4. ఇక్కడ మాత్రం తొందరపడకండి. రన్ వెనక వచ్చే చిన్న మాట దగ్గరే అందరూ బోల్తా పడేది. ‘పెట్రోల్ హాజ్ రన్ అవుట్’, ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ పెట్రోల్’: రెంటికీ మనం పెట్రోలు అయిపోయింది అనే అంటాం, అందుకే తేడా చెవికి తగలదు. అయిపోయిన వస్తువే కర్తయితే ‘ఆఫ్’ రాదు, మనమో బండో కర్తయి, ఏది అయిపోయిందో కూడా చెబుతుంటే ‘ఆఫ్’ ఉండి తీరాలి. అది మింగేసి ‘వి రన్ అవుట్ పెట్రోల్’ అని ఆఫీసు మెయిళ్లలో కూడా రాసేస్తున్నారు. ‘హి వాజ్ రన్ అవుట్’ అంటే మళ్లీ వేరు, అది క్రికెట్.

‘రన్ ఓవర్’ ఇంకా తలనొప్పి. లారీ కుక్కను రన్ ఓవర్ చేస్తే తొక్కేసినట్టు, మీటింగ్ రన్ ఓవర్ అయితే టైమ్ దాటినట్టు, టీచర్ నోట్స్‌ను రన్ ఓవర్ చేస్తే గబగబా ఓసారి తిరగేసినట్టు. కోచింగ్ పుస్తకాల్లో పట్టిక వేసి, క్రియా చిన్న మాటా కలిసిన ఒక్కో జంటకు ఒక్కో అర్థం ఇస్తారు చూడండి, ఆ పట్టికలు బట్టీ పట్టినవాళ్లకే ఈ తిప్పలు ఎక్కువ. చిన్న మాట చూశాక మళ్లీ వెనక్కెళ్లి కర్తను, కర్మను చూడాల్సిందే. మీటింగ్ ఎవర్నీ తొక్కదు కదా!

5. రన్ నామవాచకంగానూ వస్తుంది. ‘రన్ ఆన్ ద బ్యాంక్’ అంటే డిపాజిటర్లంతా డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఒక్కసారే ఎగబడటం.

6. నోట్‌బుక్‌లో ఒట్టి అర్థం రాయొద్దు. వాక్యం మొత్తం నీలం ఇంకుతో, చిన్న మాట ఎర్ర ఇంకుతో రాసి, కింద ఇంట్లో మాట్లాడే తెలుగు పెట్టండి. రన్ పేజీలు నిండాక ‘గెట్’ మొదలెట్టండి, ‘సెట్’ జోలికి ఇప్పుడే పోకండి.